అండాలుకు మాట వచ్చిన ఏడు

మా గల్లీల ఎల్లమ్మ మనుమనికి మూడేండ్లు నిండినయి. ఇంకా మాట రాలే. పిలిస్తే తిరిగి చూడడు. మొన్న ఎల్లమ్మ కోడలు వాన్ని సంకనేసుకొని మా ఇంటికొచ్చింది. అరుగు మీద కూసొని ఏం మాట్లాడకుండ మా అండాలు దిక్కే చూసుకుంట ఉన్నది. అండాలు రాట్నం ముందల కూసొని నూలు కండెలు చుడుతున్నది. ముప్పై దాటిన ఆడిమనిషి, తలల అక్కడక్కడ తెల్లెంటికలు గూడ వచ్చినయి. ఆ కోడలు పిల్ల ఏం అడుగుదామని వచ్చిందో నాకు తెలుసు. అడుగుతందుకు నోరు రాదన్న సంగతి గూడ తెలుసు. చాయ తాగి, అడగకుండనే ఎల్లిపోయింది.

అందుకని ఈ ముచ్చట చెప్తున్న. నాకు అక్షరం ముక్క రాదు. నేను చెప్తుంటే నా చిన్నబిడ్డ రాస్తున్నది.

నిజాం రాజ్యం ఉన్నప్పుడు

మాది పోచంపల్లికి అవతల చిన్న ఊరు, నేతపనోళ్ళ ఇండ్లే ఎక్కువ. ఇంట్ల రెండు మగ్గాలు. ఒకదాని మీద మా ఆయన కూసునేది, ఇంకోదాని మీద మా మరిది మల్లేశం. మామ నేను కాపురానికి రాకముందే కాలం చేసిండు. ఇంటికి పెద్ద మా అత్తమ్మ. అండాలు నాకు తొలిచూలు. పుట్టిననాడు చూడొచ్చినోళ్ళంత "ఏం కండ్లే పిల్లా దీనివి" అన్నోళ్ళే. ఆ కండ్లు ఎవ్వరి మొఖం మీద నిలవయని కనిపెట్టేసరికి నాకు ఏడాది పైనే పట్టింది.

నడక ఆలస్యంగ వచ్చింది. చెయ్యి పట్టుకుంటే గుంజుకునేది. ఎత్తుకుంటే కట్టె లెక్క బిగుసుకునేది. తోటి పిల్లలు అవ్వా, తాతా అనుకుంట ఇల్లిల్లు తిరుగుతుంటే, ఇది మగ్గం గుంత పక్కన కూసొని దారం పట్టుకొని అటూ ఇటూ ఉరికే నాడె దిక్కే చూసేది. ఆకలైతే ఏడ్చేది. కడుపు నొచ్చినా గదే ఏడుపు. ఎందుకేడుస్తున్నదో తెల్వక నేను దాని ఒళ్ళంత తడిమి చూసేది, చీమ గుట్టిందా, తేలు గుట్టిందా, నీళ్ళ దూప అయితున్నదా అని.

అత్తమ్మ ఫికర్ చెయ్యకపోయేది. "మీ మామకు ఐదేండ్లకు వచ్చింది మాట. అటెనుక ఆపుమన్నా ఆపకపోయేది" అని నవ్వేది.

ఒకనాడు పగటిపూట మా ఆయన ఇత్తడి తాంబాళం తెచ్చి అండాలు ఎనకాల నిలబడి గరిటెతోని గట్టిగ కొట్టిండు. నేను ఉలిక్కిపడ్డ. మల్లేశం మగ్గం ఆపి చూసిండు. అండాలు కదలలే.

"చెవులు ఇనవడయి దీనికి," అన్నడు మా ఆయన, తాంబాళం కింద పెట్టి. ఆయన గొంతుల బాధ ఉన్నది గని, ఒక తీరు నిమ్మళం గూడ ఉన్నది. ఇనరానోళ్ళు లోకంల శానమంది ఉన్నరు. వాళ్ళకు పెండ్లిండ్లయితున్నయి, బతుకుతున్నరు.

గంతల అండాలు తల తిప్పి మల్లేశం మగ్గం దిక్కు చూసింది. నాడె చప్పుడు ఎందుకు ఆగిందని చూస్తున్నది. మల్లేశం నాడె మల్ల ఇసిరిండు. అది తల దించుకొని మల్ల గుంత దిక్కు తిరిగింది.

"ఇనవడుతున్నది వదినె," అన్నడు మల్లేశం మెల్లగ.

ముగ్గురం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. చెవులు మంచిగుంటే మరి లేనిదేంది? ఆ మాట ఎవ్వరం పైకి అనలే. మా ఆయన తాంబాళం తీసుకపోయి వంటింట్ల పెట్టి, మగ్గం మీద కూసున్నడు. 

యాదగిరిగుట్ట మీద మండలం రోజులు ఉండి గుడి చుట్టు తిరిగితే మాటొస్తదని అత్తమ్మ మొక్కింది. పోయేటట్లు ఉంటే గద! అప్పటికే దొరల మీద కొట్లాడే సంఘం మా ఊరికొచ్చింది. వెట్టి చెయ్యమని, దొర గడీకి బట్ట ఊరికే ఇయ్యమని మొగోళ్ళు ఎదురు తిరిగిన్రు. మల్లేశం ముందల నిలవడ్డడు. కొన్నాళ్ళకు మగ్గం ఇడిచిపెట్టి సంఘపోళ్ళతోని గుట్టలల్లకు పోయిండు. ఇంట్ల ఒక మగ్గం ఆగింది. అండాలు రోజూ ఆ ఆగిన మగ్గం కాడికి పోయి కొంచెంసేపు కూసొని, మల్ల నడిచే మగ్గం కాడికి వచ్చేది.

ఆ వానకాలం

జొన్న మనిషి ఎత్తు పెరిగిన దినాలు. రజాకార్లు వస్తున్నరని ఎవరన్న ఉరికొచ్చి చెప్తే చాలు, ఆడోళ్ళందరం పిల్లలను చంకనేసుకొని జొన్న చేన్లల్లకు ఉరికేది. మట్టి తడిగుండేది. ఆకులు చెంపలు కోసేవి. అట్ల నడుములు ఒంచి, ఊపిరి బిగబట్టి కూసునేది. చిన్న చిన్న పిల్లలకు గూడ భయం తెలిసింది. పాలు తాగే పిల్లలు సుత తల్లి గుండె దడదడ ఇని సప్పుడు చెయ్యకపోయేది. నా బిడ్డకు మాత్రం ఆ భయం తెల్వదు. చోటు మారితే దానికి పానం మీదికొచ్చేది. గొంతు చించుకొని మొత్తుకునేది.

ఒకపారి బాట మీద గుర్రాల చప్పుడు దగ్గరికొచ్చింది. అండాలు ఏడుపు అందుకున్నది. నేను రొమ్ముకు అదుముకున్న. నోటి మీద చెయ్యి పెట్టిన. నా ఏలు కొరికింది, నెత్తురొచ్చింది. పక్కన మా తోడికోడలు వరసయ్యే రాజమ్మ నా చెవుల నోరు పెట్టి, "దాని నోరు మూస్తవా, మా అందరి పానాలు తీస్తవా?" అన్నది. రాజమ్మ చెడ్డది కాదు. ఆమె ఒళ్ళె ఇద్దరు పిల్లలున్నరు. నేను చెయ్యి ఇంకా గట్టిగ అదిమిన. బిడ్డ మొఖం ఎర్రగయ్యి, అటెనుక నీలంగయ్యింది. గుర్రాలు దాటిపోయినంక చెయ్యి తీస్తే, అది కొంచెంసేపు ఊపిరి తీసుకోలే. వీపు మీద చరిచిన. ఊపిరి తీసుకున్నది.

ఇంటికొచ్చి మా ఆయనతోని అన్న. "ఇగ నేను చేన్లకు పోను. ఏమైతే అది అయితది, ఇంట్లనే ఉంట."

"ఒక్కదానివా?"

"బిడ్డ ఉంటది గద."

అటెనుక ఎప్పుడు కేక పడ్డా, ఊరంత చేన్లల్లకు పోతే నేను, అండాలు నూలు అర్రల కూసునేది. నూలు అర్ర అంటే ఇంటి ఎనక భాగంల కిటికీ లేని చిన్న గది. నూలు చిలపలు, రంగు కుండలు పెట్టుకునేది. తలుపేస్తే చీకటి. ఆ చీకట్ల అండాలు ఏడవకపోయేది. అదొక్కటే నాకు దేవుడు చేసిన మేలనుకున్న. బయట ఎవరి అడుగుల చప్పుడు ఇనవడ్డా, తలుపు దిక్కు చూసుకుంట, వాళ్ళు వస్తే ఏం చెయ్యాలె, బిడ్డను ఎట్ల దాచాలె అని ఆలోచన చేసేది. ఏం తోచకపోయేది. ఉన్నది ఒక్కటే తలుపు.

మిలిటరీ వచ్చినంక

పోలీస్ యాక్షన్ అయింది. నిజాం లొంగిపోయిండని చెప్పుకుంట ఊరోళ్ళు బజార్లల్ల ఎగిరిన్రు. ఆ ఏడు బతుకమ్మ మా వాడల మంచిగ ఆడిన్రు. నేను గూడ అండాలును ఎత్తుకొని నిలవడ్డ. ఇగ గుట్టకు పోవచ్చు, పట్నం దవాఖానకు పోవచ్చు అనుకున్న.

చలికాలం రాకముందే ఊరి బడిల మిలిటరీ క్యాంపు పడ్డది. సంఘపోళ్ళు తుపాకులు కింద పెట్టలేదని, వాళ్ళను పట్టాలెనని వచ్చిన్రు. ఏ ఇంటి మొగోడు గుట్టలల్ల ఉన్నడో ఆ ఇంటి మీద కన్ను పెట్టిన్రు. మా ఆయన రోజు పొద్దుగాల క్యాంపుకు పోయి హాజరు చెప్పుకోవాలె. ఊరు దాటొద్దు. నేను ఒక్కదాన్నే పట్నం పోత అంటే, "ఎందుకు? మీ మరిదికి ఏమన్న కబురు తీస్కపోతున్నవా?" అని అడిగిన్రు. "బిడ్డకు మాట రాదు అయ్యా" అంటే నమ్మలే. దవాఖాన అనేది ఊర్లె అందరికి దొరికిన సాకు అయ్యింది వాళ్ళ లెక్కల.

గట్ల ఎండకాలం వచ్చింది. అండాలుకు నాలుగేండ్లు. ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఊరంత తలుపులేసుకొని పండుకున్న యాల్ల, గొంగడి కప్పుకొని ఒక గొర్లకాపరి దొడ్డితలుపు కాడికొచ్చి మంచినీళ్ళడిగిండు. నేను చెంబు తీస్కపోయి చూస్తే మల్లేశం. గడ్డం పెరిగింది, చెంపలు లోపలికి పోయినయి. లోపలికి తోలుకొచ్చిన. తల్లి మొఖం చూసి పోదామని వచ్చిండు. నిలవడ్డ కాడనే నీళ్ళు తాగి పోతా అన్నడు.

అత్తమ్మ జొన్న గటుక గిన్నె పట్టుకొని ఎంటవడ్డది. "మల్లిగా, జర తిని పో. మల్లిగా, జర తిని పో బిడ్డా."

మల్లేశం నిలవడి నాలుగు ముద్దలు తిన్నడు. చెయ్యి కడుగుతున్నడు. అప్పుడు మగ్గం గుంత కాడి నుంచి, అచ్చం మా అత్తమ్మ గొంతే, మా అత్తమ్మ రాగమే:

"మల్లిగా, జర తిని పో."

అందరం ఆగిపోయినం. అండాలు మా దిక్కు చూస్తలేదు. నాడె దిక్కే చూసుకుంట మల్ల అన్నది. మాట ఎక్కడా తడవడలే. నాలుగేండ్లు కడుపుల దాచుకున్న మాట ఒక్కపారి బయటపడ్డట్టు అన్నది.

అత్తమ్మ గిన్నె కింద పెట్టి రెండు చేతులు జోడించింది. మా ఆయన మగ్గం దిగిండు. మల్లేశం ఉరికొచ్చి అండాలును ఎత్తుకొని, "నా పేరే తొలుత అన్నది! వదినె, నా పేరే!" అని ఏడ్చుకుంట నవ్విండు. అది కట్టె లెక్క బిగుసుకున్నది, గని మల్లేశం ఇడిచిపెట్టలే. నేను గోడకు ఆనుకొని కూసున్న.  అంత సంబురం నా పెండ్లినాడు గూడ పడలే.

మల్లేశం పోయిండు. బిడ్డ మాత్రం ఆపలే. ఆనాడు మాపటిదాక అదే మాట. మర్నాడు పొద్దున లేచి మల్ల అదే మాట. నా సంబురం ఎప్పుడు గుండెదడ అయ్యిందో నాకే తెల్వదు.

సోదా

ఎన్నో దినాలు కాలే, మిలిటరీ మా వాడల ఇల్లిల్లు సోదా చేస్తున్నదని తెలిసింది. అండాలును నూలు అర్రలకు తీస్కపోదామని లేచేసరికే గడపల బూట్లు కనవడ్డయి. ఒక జమేదారు, ఇద్దరు జవాన్లు, వాళ్ళకు మన మాటలు చెప్పేటందుకు తెలుగొచ్చిన ఒక పోలీసాయన. జవాన్లు ధాన్యం గుమ్మిల కట్టెలు పొడిచి చూసిన్రు. దొడ్డి చూసిన్రు. మల్లేశం మగ్గం మీద దుమ్ము ఉన్నది, దాన్ని ఏలుతోని రాసి చూసిన్రు. ఏం దొరకలే. పోతందుకు తిరిగిన్రు.

"మల్లిగా, జర తిని పో," అన్నది అండాలు.

పోలీసాయన ఆగిండు. "ఏమంటున్నది?"

  బిడ్డ మల్ల అన్నది. పోలీసాయన జమేదారుకు వాళ్ళ భాషల చెప్పిండు. జమేదారు ఎనక్కి వచ్చి మా ఆయన ముందర నిలవడ్డడు.

"మీ తమ్ముడు ఎప్పుడొచ్చిండు? ఏం తిన్నడు?" అని పోలీసాయన అడిగిండు.

నేను ముందలికి పోయిన. కొంగు నెత్తి మీద కప్పుకొని, ఊరంత ఇనేటట్టు అన్న.

"అయ్యా, దానికి బుద్ధి లేదు. నా బిడ్డకు పుట్టుక నుంచి బుద్ధి లేదు. ఎవరన్న ఏదంటే అదే అంటది. మాటకు అర్థం తెల్వదు దానికి. మా అత్తమ్మ కొడుకు కోసం ఏడ్చుకుంట ఏదో అంటే, అది పట్టుకున్నది."

అప్పటిదాక నేను ఆ మాట ఎన్నడు అనలే. మా ఆయనతోని అనలే, దేవుని కాడ అనలే, ఒక్కదాన్నే ఉన్నప్పుడు నాకు నేను గూడ అనుకోలే. తలుపు కాడ రాజమ్మ, ఇంకా నలుగురైదుగురు ఆడోళ్ళు నిలవడి ఇంటున్నరు.

పోలీసాయన అండాలు ముందర కూసున్నడు. "నీ పేరేంది?"

"నీ పేరేంది," అన్నది అండాలు.

"మీ చిన్నాయిన ఏడున్నడు?"



"ఏడున్నడు," అన్నది అండాలు.

జమేదారు ఒంగి చూసి, వాళ్ళ భాషల ఏందో అన్నడు. అది గూడ అట్లనే అన్నది, ఆయన గొంతు తోనే, ఆయన దర్పం తోనే. ఒక జవాను నవ్విండు. ఇంకొకడు ఏదో అన్నడు, దాన్ని గూడ అన్నది. అందరు నవ్విన్రు. తమాషా దొరికినట్టు ఒకరి ఎనక ఒకరు మాటలు చెప్పి అనిపిచ్చిన్రు. నా బిడ్డ అందరికి జవాబిచ్చింది. నేను దాని పక్కన నిలవడి ఆ తమాషా అంత చూసిన. నవ్వుమన్నట్టు జమేదారు నా దిక్కు చూస్తే, నవ్విన గూడ.

వాళ్ళు పోయిన్రు. మా ఆయన బతికిండు. రాజమ్మ లోపలికొచ్చి నన్ను పట్టుకొని ఏడ్చింది. "ఎంత మాటన్నవే రుక్కమ్మా" అన్నది. నాకు ఏడుపు రాలే.

నూలు అర్ర

ఆనాటి నుంచి అండాలును బయటికి రానియ్యలే. అత్తమ్మ చెప్పింది, మా ఆయన ఒప్పుకున్నడు, నేను కాదనలే. ఒకపారి నవ్వి పోయినోళ్ళు రెండోపారి నవ్వుతరన్న నమ్మకం ఏంది? ఎవరన్న ఇంటికొస్తే చాలు, నేను, అండాలు అర్రలకు. ఇంట్ల ఎవ్వరు పెద్దగ మాట్లాడకపోయేది. గుసగుసలే. ఒక్కోపారి గుసగుస గూడ బంద్. మా ఆయనకు అన్నం కావాలంటే గిన్నె చూపెట్టేది. నాలుగేండ్లు బిడ్డకు మాట రావాలెనని మొక్కిన ఇల్లు, మాట వచ్చినంక మూగదయ్యింది.

ఒకనాడు నేను అర్రల కూసొని ఏడుస్తుంటే మా ఆయన తలుపు సందుల నిలవడి అన్నడు. "మాట రాలేదని ఏడ్చినవు. వచ్చిందని ఏడుస్తున్నవు. నేనేం చెయ్యాలెనే?"

"నన్ను ఒకపారి పట్నం తీస్కపో."

"హాజరు ఎవరు చెప్తరు? నేను దాటితే అమ్మను గుంజుకపోతరు."

"అయితే ఇట్లనేనా?"

 తలుపు దగ్గరికేసి పోయిండు. ఆయన కోపంతోని వెయ్యలే, బయట ఎవరిదో అలికిడి ఇనవడ్డది. అయినా ఆ తలుపు నా మొఖం మీద పడ్డట్టే అయ్యింది. అటెనుక శాన దినాలు ఆయనతోని మాట్లాడలే. మాట్లాడొద్దన్న ఇంట్ల, మాట్లాడుత లేనని ఆయనకు తెలిసిందో లేదో గూడ తెల్వదు.

చీకట్ల ఏం చేస్తం? బిడ్డ ఏదో ఒకటి అంటనే ఉంటది. మల్లేశం పేరు మరిచిపోవాలంటే వేరే మాటలు నింపాలె అనుకున్న. నూలు చిలప చేతికిచ్చి "నూలు" అన్న. "నూలు" అన్నది. నీళ్ళు ముట్టిచ్చి "నీళ్ళు" అన్న. దాని చెయ్యి నా చెంపకు ఆనిచ్చి "అమ్మ" అన్న. "అమ్మ" అన్నది. నా పానం లేచొచ్చింది. మరుక్షణమే గోడ దిక్కు చూసి "అమ్మ, నూలు, నీళ్ళు" అన్నది. గోడకు చెప్పినట్టే నాకూ చెప్పింది. పిలిచింది కాదు. అయినా ఇడువలే. వేరే పనేమున్నది నాకు? తలుపు కింది నుంచి కొంచెం ఎలుగు వస్తుండె. ఆ ఎలుగుల బిడ్డ మొఖం చూసుకుంట, పొద్దుందాక గవే మాటలు.

వానకాలం పోయింది. చలి పోయింది. దాని కాళ్ళు సన్నగయినయి. ఎండకు పోతే కండ్లు మూసుకునేది.

పట్నం దవాఖాన

మల్లా ఎండలు ముదిరే దినాలల్ల కబురొచ్చింది, మల్లేశం కృష్ణ దాటుతుంటే దొరికిండని, జైలుల పెట్టిన్రని, పానంతోని ఉన్నడని. అత్తమ్మ గుండెలు బాదుకున్నది. క్యాంపోళ్ళకు మా ఇంటి మీద ఇగ పని లేకపోయె. హాజరు తీసేసిన్రు. కొడుకు కోసం ఏడుస్తున్న అత్తమ్మ ముందలనే నేను పట్నానికి మూట కట్టుకున్న. నా మీద ఆమెకు కోపమొచ్చింది. రాదా మరి?

నేను, మా ఆయన, బిడ్డ బండి మీద సడక్ దాక, ఆడి నుంచి బస్సుల. బస్సుల అండాలు పొడుగూత మొత్తుకున్నది. ఒకాయన దింపేయుమన్నడు. ఇంకొకామె తన ఎడమ పక్క కిటికీ జాగా నాకు ఇచ్చింది.

దవాఖాన వరండాల మస్తుమంది. మా పేరు పిలిచేదాక కూసోవాలె. మా ముందల నల్లగ, ఎత్తుగ ఉన్న ఒకామె కూసున్నది, షాద్‌నగర్ దిక్కోళ్ళు. పేరు శాంతమ్మ. ఆమె పక్కన ఇరవై ఏండ్ల కొడుకు, మీసమొచ్చినోడు, తల్లి కొంగు కొస పట్టుకొని ఊగుతున్నడు. కండ్లు మా అండాలు కండ్ల లెక్కనే ఎక్కడా నిలుస్తలేవు. నేను చూపు తిప్పుకోలేకపోయిన. ఇంకో పదిహేనేండ్లకు నా బిడ్డ గిట్లనా అనుకున్న. లేచి ఇంటికి పోదాం అనిపిచ్చింది.

శాంతమ్మ తనే మాట కలిపింది. "నీ బిడ్డకేమయ్యింది చెల్లె?"

"మాట సక్కగ రాదు అక్కా. నీ కొడుక్కు ఎన్నాళ్ళ నుంచి ఉన్నది గిట్ల? మందులు ఇస్తున్నరా?"

"వీనికా? వీనికేం గాలే. పన్ను నొస్తున్నదని తోలుకొచ్చిన."

నాకు అర్థం కాలే. నా మొఖం చూసి ఆమెకు అర్థమయ్యింది.

"అదా? అది పుట్టుకనే. దానికి మందు లేదన్నరు, చిన్నప్పుడే తిరిగి తిరిగి ఇడిచిపెట్టిన. ఇప్పుడు బర్లను కొట్టుకపోతడు, కొట్టుకొస్తడు. తప్పిపోడు. పన్ను నొప్పికి మాత్రం మస్తు లొల్లి చేస్తున్నడు."

ఆమె మూట ఇప్పి జొన్న రొట్టె తుంచి అండాలు చేతిల పెట్టింది. కొత్తోళ్ళ చేతిది ఎన్నడు ముట్టని బిడ్డ తిన్నది. శాంతమ్మ కొడుకు కొంగు ఇడిచి, అండాలు రొట్టె తినుడు చూసుకుంట ఊగుడు ఆపిండు. లోపలి నుంచి వాళ్ళ పేరు పిలిచిన్రు. "పోయొస్త చెల్లె" అని లేచింది. ఆమెను మల్ల ఎన్నడు చూడలే.

డాక్టరమ్మ మెల్లగ చూసింది. గాజులు ఊపింది, తాళంచెవుల గుత్తి కనవడకుండ గలగల అనిపిచ్చింది, గిన్నె కింద చిన్న బిల్ల దాచి ఎతుకుమన్నది. అండాలు గిన్నె తిప్పుకుంట కూసున్నది గని బిల్ల కోసం చూడలే.

"చెవులు మంచిగున్నయి. నాలుక మంచిగుంది. బుద్ధి ఎదుగుడు నెమ్మది. వయసు తోని సమానంగ ఎదగదు," అన్నది.

"ఎన్నడు బాగైతదమ్మా?" అని అడిగిండు మా ఆయన.

"బాగైతదన్న మాట నేను అనను. ఎంత దూరం వస్తదో ఇప్పుడే ఎవ్వరు చెప్పలేరు. మందు లేదు. మీరు మాట్లాడుకుంట ఉండాలె. ఒక్క పని ఒక్క తీరుగ, మల్ల మల్ల చూపెట్టాలె."

"అర్రల పెట్టి ఉంచినం అమ్మా, ఏడాది కావస్తున్నది. గందుకేనా?" అన్న నేను.

"కాదు. పుట్టుకతోనే." కొంచెం ఆగి, "ఇగ మాత్రం పెట్టకు," అన్నది.

తిరుగు బస్సుల మా ఆయన పొలాల దిక్కు చూసుకుంట కూసున్నడు. చౌరస్తా కాడ దిగినంక, బండి కోసం నిలవడ్డప్పుడు, నా చేతి నుంచి అండాలును తీసుకున్నడు. "జమేదారు ముంగట నువ్వు ఆ మాట అన్నప్పుడు నేను నీ మీద కోపం మనసుల పెట్టుకున్న. ఇప్పుడు డాక్టరమ్మ గూడ అదే అన్నది," అన్నడు.  బిడ్డ బిగుసుకున్నది. ఆయన దాన్ని కింద దించి, చెయ్యి పట్టకుండ, దాని పక్కపక్కన నడిచిండు.

అటెనుక

ఎల్లమ్మ కోడలికి చెప్పాల్సింది ఇదీ: దవాఖాన నుంచి వచ్చినంక మూన్నెల్లు నేను మనిషిని కాను. భయం ఉన్నన్ని దినాలు భయంతోనన్న బతికిన. భయం పోయినంక బతుకుతందుకు ఏం మిగలలేదనిపిచ్చింది. ఊర్లె అందరు అండాలును "బుద్ధి లేని పిల్ల" అనే పిలిచేది. ఆ మాట వాళ్ళకు ఇచ్చింది నేనే గద, ఎవరితోని కొట్లాడాలె? రాజమ్మ ఒక్కతే పేరు పెట్టి పిలిచేది. రోజు పొద్దుగాల వచ్చి, దానికి తల దువ్వి పొయ్యేది. 

రాట్నం నేర్పుతందుకు ఏడాది పైనే పట్టింది. దారం తెంపేది, చిక్కు పెట్టేది. మా ఆయన చిక్కు తీసి మల్ల చేతికిచ్చేది. నేర్చుకున్ననాడు ఎవ్వరం ఏం పండుగ చేసుకోలే. అప్పటికి మేం గూడ నిదానం నేర్చుకున్నం. మాటలు మాత్రం ఎదుటోళ్ళవే. మనం ఏదంటే అదే.

మల్లేశం జైలు నుంచి ఇడుదలయి వచ్చిండు. సన్నగ, తక్కువ మాట్లాడేటోడయి వచ్చిండు. గదిల కూసోకపోయేది. అన్నం గూడ వాకిట్లనే తినేది. అత్తమ్మ ఆయనకు పెండ్లి చెయ్యాలెనని ఊరూరికి కబురు పంపింది. జైలుకు పోయొచ్చినోనికి పిల్లను ఇయ్యం పో అని శానమంది అన్నరు. ఆఖరికి ఒక ఊరి నుంచి పిల్ల తరఫోళ్ళు చూస్తందుకు వస్తున్నరని తెలిసింది. అత్తమ్మ ఇల్లు అలికింది, ముగ్గేసింది. అండాలుకు అప్పటికి ఏడేండ్లు. వాకిట్ల కూసొని ఉన్నది.

పెద్దమనుషులు గడపల చెప్పులిడిచిన్రు. అత్తమ్మ ఉరికొచ్చి అండాలు జబ్బ పట్టుకున్నది. "లోపలికి పో," అని నూలు అర్ర దిక్కు నూకింది. నేను వంటింట్ల నుంచి చూస్తున్న. అడ్డం పోదామని కాలు లేచింది, గని మరిది పెండ్లి ముచ్చట, అత్తమ్మ ఎన్నాళ్ళ ఆశ. ఆగిన.

"లోపలికి పో" అంటదనుకున్నం అందరం. గంత దినాలల్ల ఎవ్వరేమన్నా అదే తిప్పి అన్నది గద.

అండాలు అర్ర దర్వాజా పక్క కట్టె కమ్మిని రెండు చేతుల పట్టుకున్నది. అత్తమ్మ మొఖం దిక్కు చూసింది. కండ్లు తప్పిచ్చుకోలే.

"పోను," అన్నది.

అత్తమ్మ చెయ్యి జారిపోయింది. నేను చేతిల చెంబు ఎక్కడ పెట్టిన్నో తెల్వదు. పో అన్న మాట ఎవరైనా ఇస్తరు. పోను అన్నది ఎవ్వరూ దానికి ఇయ్యలే. ఆ మాట అదే చేసుకున్నది.

"పోను," అని మల్ల అన్నది, ఈపారి కొంచెం గట్టిగ.

మల్లేశం లేచి వచ్చిండు. అర్ర తలుపు దగ్గరికి గుంజి గొళ్ళెం పెట్టిండు. "పోనంటున్నది గద అమ్మా. ఉండనియ్," అన్నడు. అండాలు కమ్మిని ఇడిచి, పెద్దమనుషుల నడుమ నుంచి నడిచి, వాకిట్ల తన జాగాల కూసున్నది.

ఆ సంబంధం కుదరలే. కబురు చేస్తమని పోయిన్రు, చెయ్యలే. కొన్నాళ్ళకు ఇంకో కాడ మల్లేశం పెండ్లయ్యింది. సంబంధం తప్పిపోయిందని తెలిసిననాడు అత్తమ్మ నన్ను ఒక్క మాటనలే. నూలు చిలపలు, రంగు కుండలు ఒక్కొక్కటి మోసుకొచ్చి ముందటింట్ల పేర్చింది. మా ఆయనను పిలిచి, అర్ర తలుపును దర్వాజా కమ్ముల నుంచి ఊడదీపిచ్చింది.